దీదీకి నేను చేరవేయని మాట

ఏడో తరగతి రెండోసారి తప్పినప్పుడు మా మాస్టారు నాన్నను బడికి పిలిపించి, ఈ కుర్రాడికి తెలివి తక్కువ కాదు, నోరు మూతపడకపోవడమే జబ్బు అని తేల్చారు. ఆ జబ్బుకు బడిలో మందు లేదని నాన్న బడి మాన్పించేశాడు. పదేళ్ల తరువాత ప్రభుత్వం నాకు ఉద్యోగం ఇచ్చింది. కలకత్తా మొత్తం మీద నోరు మూసుకుని కూర్చోవడమే పనిగా ఉన్న గది ఒకటి వెతికి, సరిగ్గా దాని గుమ్మం పక్కన నాకు స్టూలు వేసింది.

1986 వానాకాలం మొదట్లో, ఊరికి దక్షిణాన ఉన్న ఒక సర్కారీ ఆసుపత్రిలో, మానసిక వైద్యం ఔట్‌డోర్‌కు (మనవైపు ఓపీ అంటారు) అటెండెంటుగా మార్చారు నన్ను. అంతకుముందు ఎముకల వార్డులో స్ట్రెచర్ తోసేవాణ్ణి. హోదా గ్రూప్-డి. ఆసుపత్రిలో పెద్ద డాక్టరు నుంచి లెక్కపెట్టుకుంటూ దిగితే చిట్టచివర మేము తగులుతాం. మా కింద పిల్లులు ఉండేవి గాని, అవి మా మాట వినేవి కావు. నా పేరు కూర్మారావు. బెంగాలీ సహోద్యోగులు మొదటి రోజే దాన్ని ‘కోర్మా-దా’ (దా అంటే అన్న) చేసేసి, మధ్యాహ్నం అన్నంలోకి వడ్డించమన్నట్టు పిలిచేవారు.

ఔట్‌డోర్ పద్ధతి ఇలా ఉండేది. రోగి పొద్దున్నే వరసలో నిలబడి కౌంటరులో టిక్కెట్టు రాయించుకోవాలి. డాక్టరు బాబు చూస్తారు. రక్తపోటు, నిద్ర, ఆకలి అడుగుతారు. మందుతో పోయేదైతే మందు రాస్తారు. మందుతో పాటు మాట కూడా కావాలనిపిస్తే టిక్కెట్టు వెనక రెండక్షరాలు గీసి కారిడార్ చివరి గదికి పంపుతారు. ఆ గది సుచరితా దీదీది. ఆవిడ డాక్టరు కాదు, సైకాలజిస్టు. సూదీ మందూ ఏమీ లేవు. రెండు కుర్చీలు, ఒక గోడ గడియారం, తాళం వేసిన ఇనప బీరువా. వారానికొకసారి, అదే రోజు, అదే గంటకు, ముప్పావుగంట సేపు ఒక మనిషితో ఒక్కరే మాట్లాడతారు. మాట్లాడతారు అన్నానుగాని, ఎక్కువగా వింటారు. బయట నేను తలుపుకు ఉన్న చెక్కముక్కను ఎరుపు రంగు వైపు తిప్పి కూర్చుంటాను. ఎరుపు ఉండగా పెద్ద డాక్టరు వచ్చినా లోపలికి వదలకూడదు. నా ఉద్యోగం మొత్తంలో నాకున్న అధికారం అదొక్కటే. దాన్ని నేను బాగా వాడుకున్నాను.

ఇదేం వైద్యమని మొదట్లో నేనూ నవ్వాను. మా లైన్లో, అంటే మునిసిపాలిటీ మనుషుల ఇళ్ల వరసలో, ఒకడు కష్టం చెప్పుకుంటే పదిమంది పోగై పదిహేను సలహాలు ఇస్తారు. ఒకడు మధ్యలో తన కష్టం మొదలుపెడతాడు. చివరికి మొదటివాడే రెండోవాణ్ణి ఓదార్చి ఇంటికి పంపుతాడు. అలాంటిది, ముప్పావుగంట సేపు ఒక మనిషి మీ ఒక్కరి మాటే వింటూ, మధ్యలో అడ్డురాకుండా, తన కథ ఎత్తకుండా, మీరు చెప్పింది వీధిలోకి పోనివ్వకుండా ఉండడం ఎంత అరుదో ఆ స్టూలు మీద కూర్చున్నాకే తెలిసింది. మనిషి తన మాట తానే పూర్తిగా వినడానికి ఎదురుగా ఇంకొక మనిషి కావాలని దీదీ అనేవారు.

తెలుగు రోగులు వచ్చినప్పుడు మాత్రం నన్ను లోపలికి పిలిచేవారు. ఏక్‌బాల్‌పూర్ వైపు నుంచీ, బజ్ బజ్ జనపనార మిల్లుల నుంచీ మనవాళ్లు వచ్చేవారు. నేను దుబాసీని, వాళ్ల తెలుగు దీదీకి బెంగాలీలో, ఆవిడ బెంగాలీ వాళ్లకు తెలుగులో చెప్పేవాణ్ణి. యూనియన్ దాదా ఒకాయన ఇది గ్రూప్-డి పని కాదు, వెంటనే నిరాకరించమని నన్ను రెచ్చగొట్టాడు. కుర్చీలో కూర్చునే పని మానేసి స్టూలు మీద కూర్చోవడానికి పోరాటం చేసేంత చైతన్యం నాకు లేదని చెప్పాను.

దుబాసీకి దీదీ పెట్టిన నియమాలు కొన్ని ఉన్నాయి. రోగికి ఎదురుగా కాక, పక్కగా, కొంచెం వెనక్కి కూర్చోవాలి. అతని కళ్లు దీదీ మీద ఉండాలి గాని నా మీద కాదు. అతను ‘నేను’ అంటే నేనూ ‘నేను’ అనాలి. ‘ఈయన నిద్ర పట్టడం లేదంటున్నాడు’ అనకూడదు, ‘నాకు నిద్ర పట్టడం లేదు’ అనాలి. కలపకూడదు, తీయకూడదు, సర్దకూడదు. అతను ఊరుకుంటే నేనూ ఊరుకోవాలి. ఈ ఆఖరిదే నాకు గండం.

మూడో ఏడు చలికాలంలో పైడయ్య వచ్చాడు. ఇది అతని అసలు పేరు కాదు. నలభై దాటినవాడు, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కుటుంబం. తెల్లవారుతూనే వీధి చివర గంగనీళ్ల కుళాయికి గుడ్డపైపు తగిలించి రోడ్లు కడిగే పని. గుంపుగా వెళ్లినా ఒక్కో కుళాయికి ఇద్దరే. ఒకడు ఇనప చావీతో కుళాయి తిప్పుతాడు, ఒకడు పైపు పట్టుకుంటాడు. పదహారేళ్లుగా పైడయ్యకు జోడీ అతని బావే, సొంత అక్క గౌరమ్మ మొగుడు. ఆ ఏడు దుర్గాపూజలకు వారం ముందు బావ పని మీదే ఫుట్‌పాత్ మీద కూలబడి పోయాడు. గుండె ఆగిందని కాగితం మీద రాసిచ్చారు.

అప్పటి నుంచీ పైడయ్య పైపు పట్టుకుంటే చేతులు వణకడం, నీళ్ల చప్పుడు వింటే గుండె దడ, నిద్ర లేదు. సెలవు మీద ఇంట్లో కూర్చున్నాడు. డాక్టరు ‘ఫిట్’ అని రాసిస్తేగాని పనిలోకి తీసుకోరు. అంతకంటే పెద్ద సంగతి, గోడకు అవతలి ఇంట్లోనే ఉన్న అప్పతో (వాళ్లు అక్కను అప్ప అంటారు) బావ పోయిన నాటి నుంచీ ఒక్క మాట మాట్లాడలేదు. ఆమె ఎదురైతే ఈయన వెనక్కి తిరిగిపోతాడు. తమ్ముడికి తన మొహం చూడడం ఇష్టం లేదనుకుని, చలి తగ్గగానే పిల్లల్ని తీసుకుని హౌరాలో బండెక్కి అత్తవారి పల్లెకు వెళ్లిపోవడానికి ఆమె సిద్ధపడుతోంది. పైడయ్యకు దీదీ ఇచ్చిన రోజు మంగళవారం, అంటే మాకు ఉన్నది పన్నెండో పదమూడో మంగళవారాలు.

కౌంటరు బాబు పేరు చూసి టిక్కెట్టు మీద ‘తెలుగు’ అని రాసేశాడు. అది చూసి నేను లోపలికి వెళ్లి కూర్చున్నాను. మొదటి మూడు వారాలు నిద్ర, ఆకలి, దడ. నేను బుద్ధిగానే పనిచేశాను. నాలుగో మంగళవారం, బావ పోయిన రోజు పొద్దున జరిగింది మొదటి నుంచి చెప్పమన్నారు దీదీ. పైడయ్య చాలాసేపు మోకాళ్లు రుద్దుకున్నాడు. తరువాత ఒక్క గుక్కలో చెప్పాడు.

“బావ ఫుట్‌పాత్ మీద కూకుండిపోనాడు. ఎప్పుడూ ఏసాలేత్తాడు గదా అనుకున్నాను. ‘లెగు బావా, ఏసాలు సాలు’ అని పైపు మొకం మీదకి తిప్పీసినాను. అందరం నవ్వినాం. బావ లెగనేదు.”

నేను దీదీ వైపు తిరిగి నోరు తెరిచాను. ఆ నోట్లోంచి వచ్చింది ఏమిటంటే, వీళ్లిద్దరూ ప్రాణస్నేహితులు, ఆ రోజు కూడా నవ్వుకుంటూనే పనిచేస్తున్నారు, ఉన్నట్టుండి కూలబడి పోయాడు అని. అక్కడితో ఆగినా బాగుండేది. గదిలో బరువు ఎక్కువైందనిపించి, మా తెలుగువాళ్లలో బావా బావమరుదులు రోజుకొకసారి ఒకరినొకరు ఆటపట్టించుకోకపోతే తిన్నది అరగదు దీదీ అని సొంత సరుకు కూడా కలిపాను. దీదీ చిన్నగా నవ్వారు.

పైడయ్య ఆ నవ్వు చూశాడు. తరువాత మెడ తిప్పి నన్ను చూశాడు. మిగిలిన సమయమంతా నేల చూస్తూ కూర్చున్నాడు. అతని పరువు కాపాడానని నాకు లోపల ఒక సంతోషం. ఆ రోజు టీ రెండు కప్పులు తాగాను.

తరువాతి మంగళవారం అతను రాలేదు. ఆ పై వారమూ రాలేదు. రెండుసార్లు రాకపోతే కార్డు వేయడం పద్ధతి. కార్డు మీద ఆసుపత్రి పేరుగాని జబ్బు పేరుగాని ఉండకూడదు, లైన్లో పోస్టుమ్యాన్ తరువాత కార్డు చదివేది పక్కింటివాళ్లే కాబట్టి. దీదీ ఎప్పుడూ ఒకే వాక్యం రాయించేవారు, నేను తెలుగులో రాశాను: ‘మంగళవారం పదకొండింటికి మీ కుర్చీ మీకోసం ఉంటుంది.’ అక్షరం తప్పితే మన్నించండి, ఏడో తరగతి రెండుసార్లు చదివిన చెయ్యి.

మూడో మంగళవారం పదకొండింటికి పైడయ్య వచ్చాడు, కార్డు చొక్కా జేబులో కనబడుతూ ఉంది. కూర్చున్నాడు. దీదీ ఇంకా ఏమీ అడగకముందే, చక్కటి బెంగాలీలో, నేను మాట్లాడే దానికంటే శుభ్రమైన బెంగాలీలో, దీదీతో ఇలా అన్నాడు. మీకు ఇమ్మని ఆ రోజు ఈయన చేతికి ఒక మాట ఇచ్చాను, ఈయన దారిలో పారేసుకున్నాడు, ఇప్పుడు ఇప్పించండి.

ఆ క్షణంలో నేను ఆసుపత్రి పిల్లుల కంటే కింది హోదాకు దిగాను.

ఇరవై ఏళ్లకు పైగా ఈ ఊళ్లో ఓవర్సీరు బాబుల కింద రోడ్లు కడిగిన మనిషికి బెంగాలీ రాకపోవడం ఏమిటి? నాకు వచ్చింది, అతనికి ఎందుకు రాదు? ఆ ప్రశ్న కౌంటరు బాబుకూ రాలేదు, నాకూ రాలేదు. దుబాసీనని నాకు కుర్చీ వేశారు గదా, దాని సుఖంలో పడిపోయాను. బెంగాలీ వచ్చని ముందే ఎందుకు చెప్పలేదని తరువాతెప్పుడో అడిగితే, “నన్నెవలడిగినారు?” అన్నాడు.

అంత బాగా మాట్లాడుతున్నారు గదా, ఆ మాట మీరే నాతో చెబుతారా అని దీదీ అడిగారు. అతను తల అడ్డంగా ఊపాడు. తనకొచ్చిన బెంగాలీ పైపులకూ టీకీ ఓవర్సీరుకూ సరిపోయే బెంగాలీ అట. బావను అన్నది తెలుగులో, జరిగింది తెలుగులో, చెప్పడం కూడా తెలుగులోనే చెబుతాడు. మరి మీ దగ్గరికి తేవలసినవాడు ఈయనే గదా అన్నాడు. నా వైపు తిరిగి మాత్రం తెలుగులో అన్నాడు.

“నువ్వు ఒగ్గేసినావంటే అది నీ నోటికే రానంత పాడు మాటన్నమాట. మూడు వారాలుగా నాకదే.”

ఒగ్గేయడమంటే వదిలేయడం. అతను నా మీద కోపంతో మానలేదు. నేను దాచినదాన్ని చూసి తన మాట ఎంత పాడుదో కొలుచుకున్నాడు. దాని మీద దీదీ నవ్వు కూడా పడింది. నేను పరువు కాపాడుతున్నానని టీ తాగుతుంటే ఇక్కడ మనిషి ఇంకా లోతుకు పోయాడు.

అతను మళ్లీ చెప్పాడు, మాట తరువాత మాట. నేను చేరవేశాను. ‘లే బావా, నీ వేషాలు చాలు అన్నాను. పైపు ఆయన మొహం మీదకు తిప్పాను. అందరం నవ్వాము. ఆయన లేవలేదు.’ నియమం ప్రకారం ‘నేను’ అనే అన్నాను. అంతవరకు ఆ నియమం ఏదో చదువుకున్నవాళ్ల నాజూకు అనుకునేవాణ్ణి. ‘తిప్పాను’ అని నా నోటితో అన్నప్పుడు నా కుడిచెయ్యి ఒడిలో ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియలేదు.

సరిగ్గా అప్పుడే లోడ్‌షెడ్డింగ్. ట్యూబులైటు ఆరి, దాని జుయ్‌మనే చప్పుడూ ఆగిపోయింది. ఆ రోజుల్లో కలకత్తాలో కరెంటు పోవడం వింత కాదుగాని, అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు. నా నాలుక మీద కరెంటు మంత్రిగారి మీద ఒక మాంచి జోకు వచ్చి కూర్చుంది. దాన్ని మింగాను. ఇన్నేళ్ల సర్వీసులో నేను చేసిన అతి కష్టమైన పని అదేనని ఇప్పటికీ అంటాను. దీదీ మీ తప్పేం లేదు అనలేదు. ఊరుకోండి అనలేదు. చూస్తూ కూర్చున్నారు. కొంతసేపటికి పైడయ్య ఏడ్చాడు. అది నేను అనువదించే పని పడలేదు.

ఏడుపు ఆగాక ఆవిడ అడిగిన ప్రశ్న నన్ను ఆశ్చర్యపరిచింది. బావ మిమ్మల్ని ఎప్పుడైనా తడిపాడా అని. పైడయ్య ముక్కు తుడుచుకుని, ఓ వందసార్లు అన్నాడు. ఒకసారి కొత్త చొక్కా మీద, ఒకసారి ఓవర్సీరు ఎదురుగా. చెబుతూ చెబుతూ ఒకచోట పెదవి కొంచెం నవ్వబోయి ఆగింది. ఆ నవ్వు ఎందుకు ఆపారని దీదీ అడిగారు. మిగిలిన సమయం దాని మీదే గడిచింది.

రోగి వెళ్లాక నన్ను కూర్చోమన్నారు, రోగి కుర్చీలోనే. ఆ మాట ఎందుకు దాచారని అడిగారు. నేను ఒక హాస్యం ఆడాను. ఆవిడ ఊరుకున్నారు. ఇంకొకటి ఆడాను. ఊరుకున్నారు. మూడోదానికి నా దగ్గర సరుకు అయిపోయింది. అప్పుడు చెప్పాను. మా నాన్నా అలాంటి లైన్లోనే చీపురు పట్టినవాడు, చచ్చిపోతున్న మనిషి మీద నీళ్లు కొట్టి నవ్వే జనం మేమని మీరు అనుకుంటారని భయపడ్డాను అని. దీదీ తల ఊపి, మూడేళ్లలో మీరు నాతో నవ్వకుండా చెప్పిన మొదటి మాట ఇది కోర్మా-దా అన్నారు. మెమో ఏమీ ఇవ్వలేదు. రెండు వారాలు దుబాసీ పని మాన్పిస్తారేమో అనుకున్నాను, అదీ లేదు. పైడయ్య వద్దంటే తప్ప మీరే ఉండాలన్నారు. అతను వద్దనలేదు.

ఆ తరువాత పని నెమ్మదిగా సాగింది. గుండె ముందే ఆగిపోయి ఉంటుంది, నీళ్ల వల్ల కాదు అని డాక్టరు మొదటి రోజే పైడయ్యకు చెప్పారు. అది తలకు తెలుసు, చేతికి తెలియదు. అందుకని చేతితోనే మొదలుపెట్టారు. ఒక వారం కారిడార్‌లో కుళాయి తిప్పి ఆ చప్పుడు విన్నారు, దడ ఎంతసేపుంటుందో గడియారంలో చూస్తూ. ఒక వారం అతను ఇంటి నుంచి ఇనప చావీ తెచ్చి ఒళ్లో పెట్టుకుని మాట్లాడాడు. ఒక వారం బంద్, ఊరంతా మూత, మాకూ మూత. ఇంకొక వారం అంతకుముందు సాధించినదంతా పోయి మళ్లీ దడతో వచ్చాడు. అప్పతో ఏం చెప్పాలో ఆ గదిలోనే నాలుగు రకాలుగా చెప్పి చూసుకున్నాడు. ఏది బాగుందో దీదీ చెప్పలేదు. మీకు ఏది నిజమనిపిస్తోందని అడిగారు.

అప్ప బండెక్కడానికి ఐదు రోజులుందనగా మంగళవారం వచ్చి, చెప్పీసినాను అన్నాడు. గోడ దాటి వెళ్లి, గుమ్మంలో నిలబడే, మొత్తం చెప్పాడట. ఆమె బియ్యం ఏరుతూ తలెత్తకుండా విందట. ఆమె అన్న మాట అతను చెప్పాడు. ఈసారి నేను అచ్చంగా అలాగే దీదీకి అందించాను.

“ఒరే పైడీ, తడిసిన గుడ్డలు ఒంటి మీంచి తీసింది నానే గదరా. నాకు తెల్దేటి? నువ్వే తడిపుంటావనుకున్నాను. మీరిద్దరూ మరేటి సేత్తారు. ఇన్నాల్లు నాతో మాటాడకపోనావు సూడు, దానికే నాకు ఒళ్లు మండతంది.”

చలి తగ్గింది గదా, ఫ్యాను తిరుగుతోంది. నేను దాని చుట్లు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను.

గౌరమ్మ ప్రయాణం మానుకోలేదు. ట్రంకుపెట్టె తమ్ముడే హౌరా దాకా మోశాడు. మూడు నెలలకే తిరిగొచ్చింది, ఆ పల్లెలో బిందెడు నీళ్లకు అంత దూరం నడవడం తన వల్ల కాదని. పైడయ్యకు డాక్టరు బాబు ఫిట్ రాశారు. మొదటి నెల చావీ పట్టాడు, రెండో నెల పైపు పట్టాడు. నిద్ర మాత్రలు మెల్లగా తగ్గించారు. పూజలు దగ్గర పడే రోజుల్లో ఇప్పటికీ చెయ్యి కాస్త వణుకుతుందని చెబుతాడు. దీదీ దగ్గరికి మాత్రం మరి రాలేదు. ఆ గదికి మళ్లీ రానవసరం లేకపోవడమే ఆ గది పని.

ఆ ఉదంతం తరువాత మా ఔట్‌డోర్‌లో రెండు మార్పులు జరిగాయి. టిక్కెట్టు మీద భాష కౌంటరు బాబు ఊహించి రాయకూడదు, ఏ భాషలో మాట్లాడతారని మనిషినే అడగాలి. రెండోది, ప్రతి సెషన్ చివర రోగినే అడగాలి, మీరు చెప్పినదాంట్లో ఏదైనా మిగిలిపోయిందా అని. నాకు తెలిసొచ్చింది ఇంకొకటి. ఒక మనిషి చెప్పరాని మాట చెప్పినప్పుడు దాన్ని మెత్తబరచడం అతనికి చేసే మేలు కాదు. అది విన్నవాడి బెదురు. వినగలిగిన మనిషి ఒకరు ఎదురుగా ఉన్నారని తెలిస్తేనే అతను మిగతాది చెబుతాడు. ఇది దుబాసీలకే కాదు, ఆ కుర్చీలో ఎవరు కూర్చున్నా అంతే.

రోగి చెప్పింది గది దాటకూడదన్న నియమం రిటైరైనా పోదు. అందుకని ఇది రాసే ముందు పైడయ్య ఇంటికి వెళ్లి అడిగాను. అతనూ రిటైరై, గుమ్మంలో మొక్కలకు గొట్టంతో నీళ్లు పెడుతున్నాడు. పేర్లు మారుస్తాను, పల్లె పేరు తీసేస్తాను, నీకు కష్టమనిపించే సంగతులు ఏవైనా ఉంటే పక్కన పెడతాను అన్నాను. అతను గొట్టం ఒకసారి నా చెప్పుల మీదకు తిప్పి, మళ్లీ మొక్కల వైపు తిప్పుకున్నాడు.

“రాసుకో కూర్మా. ఈపాలి ఏటీ ఒగ్గీకు.”